చద్దిమూట విప్పువారెవరు?

“పెద్దలమాట చద్దిమూట” అని మనవారి సామెత. దూరప్రయాణము చేయువాడు ఆకలి వేసినప్పుడు చెట్టునీడను కూర్చుండి చద్దిమూట విప్పుకొనును. కాని మూట ఒకని భుజముపైనను, ఆకలి వేరొకని కడుపులోను ఉండి, ఇరువురును చెరియొక దారిని నడచుచుండిరేని ఏమగును? మూటలోని అన్నము పాచిపోవును. ఆకలి తీరకయే పోవును. నేడు మన పట్టణములలో వృద్ధులకును యువకులకును నడుమ జరుగుచున్నది సరిగా ఇదియే.

ఈ మాట అతిశయోక్తి యని తోచినవారు తమ జిల్లా కేంద్రమందలి గ్రంథాలయమునకు ఒక ఉదయమున పోయి చూతురుగాక. ముందరి హాలులో వార్తాపత్రికలు పరచిన పొడుగుబల్ల యుండును. దానిచుట్టు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు కూర్చుండి మొదటి పుట మొదలు కడపటి ప్రకటనవరకు చదువుచుందురు. లోపలి గదులలోను, వరండాలోను, ఆవరణలోని చెట్లక్రిందను ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువతీయువకులు అన్నపు డబ్బాలు ప్రక్కన పెట్టుకొని వంచిన తల యెత్తక కూర్చుందురు. ఇరుపక్షములవారును ఒకే కప్పుక్రింద నున్నారు. నెలలు, సంవత్సరములు గడచుచున్నవి. ఈ గదిలోనివానికి ఆ గదిలోనివాని పేరు తెలియదు. లెక్కలలో చిక్కుపడి కూర్చున్న పిల్లవాడు ముప్పదియేండ్లు లెక్కలు చెప్పిన మాస్టరుగారికి పది అడుగుల దూరమున నున్నాడు. మొబైలు ఫోనులో బ్యాంకువారి సందేశము అర్థముగాక కలతపడుచున్న మాస్టరుగారు, దానిని రెండు నిమిషములలో విప్పిచెప్పగల పిల్లవానికి అదే పది అడుగుల దూరమున నున్నారు. ఆ పది అడుగులను దాటించుట యెట్లు? ఇదియే నేటి మా ప్రస్తావన.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అరువది యేండ్లు నిండినవారు మన దేశమున 10 కోట్ల 38 లక్షలమంది, నూటికి 8.6 వంతు. 2050 నాటికి వారు నూటికి 20 మందిని మించుదురని ఐక్యరాజ్యసమితి జనాభా నిధివారు 2023 లో ప్రకటించిన నివేదికలో చెప్పియున్నారు. మన తెలుగుదేశము ఈ దారిలో ముందున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో స్త్రీ కొక్కతెకు కలుగు బిడ్డల సగటు సంఖ్య ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8 గా తేలినది. తరము తరముతో సరితూగి నిలువవలయునన్న ఈ సంఖ్య 2.1 ఉండవలయును. అనగా మన యిండ్లలో పెద్దలు హెచ్చుచున్నారు, పిన్నలు తగ్గుచున్నారు.

ఉన్న పిన్నలైనను ఇంట నున్నారా? కోస్తా జిల్లాల గ్రామములలో మేడలున్నవి. మేడలలో ఇద్దరేసి వృద్ధులున్నారు. కుమారుడు డల్లాసులో, కుమార్తె బెంగుళూరులో నుందురు. మనుమని ముఖము ఫోనుఅద్దములో వారమునకొకసారి కానవచ్చి పోవును. పాలమూరు జిల్లానుండి కూలిపనికై వలస పోవువారి గుడిసెలలోను కథ ఇదియే. అచ్చట మేడ లేదు, ముసలమ్మ మాత్రము ఉన్నది. ధనికునకు విదేశోద్యోగము, పేదకు వలస, ఫలితము ఒక్కటే. ఇక యువకుని సంగతి చూడుడు. పరాయి పట్టణమున వసతిగృహమునందు చిన్నగదిలో నలుగురితో నుండి, ఒక్క నోటిఫికేషనుకై ఏండ్లకేండ్లు కాచుకొనియుండును. ధైర్యము చెప్పు పెద్దదిక్కు సమీపమున లేదు. పరీక్షాఫలితములు వెలువడిన మరునాడు ఎవరో ఒక బిడ్డ ప్రాణము తీసికొన్న వార్త ముద్రింపవలసి వచ్చుట పత్రికలవారికి ప్రతి సంవత్సరము కలుగు దుఃఖము. ఓడిపోయి లేచిన ముసలివాడొక్కడు ఆ రాత్రి ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండియుండిన బాగుండెడిది గదా యని మాకు తోచని సంవత్సరము లేదు.

పెద్దలను గౌరవించుటకు మనకు దినము లేకపోలేదు. 1990 లో ఐక్యరాజ్యసమితి తీర్మానింపగా 1991 నుండి అక్టోబరు 1 వ తేదీని వృద్ధుల దినముగా జరుపుచున్నారు. ఆనాడు మన ఊళ్లలోను సభ జరుగును. వయసు మళ్లినవారిని నలుగురిని వేదికపై కూర్చుండబెట్టి శాలువ కప్పుదురు, పూలదండ వేయుదురు, ఛాయాచిత్రము తీయుదురు. పాఠశాల పిల్లలను వరుసగా నిలువబెట్టి చప్పట్లు కొట్టింతురు. అటుపిమ్మట పెద్దలు ఇంటికి పోవుదురు, పిల్లలు బడికి పోవుదురు. చట్టమును లేకపోలేదు. 2007 లో చేసిన తల్లిదండ్రుల పోషణ చట్టము ననుసరించి బిడ్డలనుండి నెలకు 10,000 రూపాయలవరకు భరణము ఇప్పింపవచ్చును. ఆపదలో నున్న వృద్ధులు పిలుచుకొనుటకు 14567 అను టెలిఫోను సంఖ్యయు నేర్పడినది. ఇవి మంచివే, వీనిని మేము నిరసింపము. కాని చట్టము కుమారునిచేత సొమ్ము కట్టింపగలదేకాని గంటసేపు ప్రక్కన కూర్చుండి మాటాడింపగలదా? శాలువ చలిని ఆపునుగాని ఒంటరితనము నాపునా?

మా అభిప్రాయము స్పష్టముగా చెప్పుచున్నాము. వృద్ధులను యువకులను కలుపునది దయ గాదు, గౌరవసభయు గాదు. ఒకరి పని యొకరికి కావలసివచ్చుట. ఇచ్చువాడెప్పుడు ఇచ్చువాడుగను, పుచ్చుకొనువాడెప్పుడు పుచ్చుకొనువాడుగను ఉన్నచోట కృతజ్ఞత పుట్టవచ్చును, నేస్తము పుట్టదు. ఇరువురును ఇచ్చి, ఇరువురును పుచ్చుకొన్నప్పుడే మరునాడు మరల రావలయునను బుద్ధి పుట్టును. ఈ మాట మా యూహ మాత్రము గాదు. అనుభవమున తేలినది.

జపానుదేశమున తోక్యో నగరమందలి ఎదొగావా వార్డులో కోతోయెన్ అను సంస్థ కలదు. మొదట అది వృద్ధాశ్రమము. 1976 లో దానికి చేర్చి శిశువిహారము స్థాపించిరి. ఉదయమున పిల్లలును పెద్దలును కలిసి వ్యాయామము చేయుదురు. పసివానికి బొత్తాము పెట్టుట తాతపని; తాతకు నవ్వు పుట్టించుట పసివాని పని. వృద్ధాశ్రమమును ఊరి చివర దాచియుంచక, బిడ్డల కేకలు వినిపించుచోట నుంచిరి, చేసినదంతయు అదియే.

హాలెండుదేశమున దెవెంతెర్ పట్టణమునందు హ్యుమానితాస్ అను వృద్ధాశ్రమమువారు 2012 మొదలు మరియొక ఏర్పాటు చేసిరి. ఆ యూర విద్యార్థులకు అద్దె గదులు దొరకుట కష్టము. ఆశ్రమమున గదులు ఖాళీగ నుండెను. విద్యార్థులకు అద్దె లేకుండ గది యిచ్చి, నెలకు 30 గంటలు మంచి పొరుగువాడుగా మెలగవలయునని ఒక్క నియమము పెట్టిరి. నర్సు చేయవలసిన పని విద్యార్థి చేయనక్కర లేదు. కలిసి భోజనము చేయుట, కంప్యూటరు నేర్పుట, పుట్టినదినమున ప్రక్కన నుండుట ఇట్టివే అతని పనులు. ఇందు భిక్ష యెచ్చటను లేదు. గది కావలసినవానికి గది దొరకినది. మనిషి కావలసినవారికి మనిషి దొరకినాడు.

అమెరికాలో బాల్టిమోరు నగరమున అరువది యేండ్లు దాటినవారిని వారమునకు 15 గంటలు ప్రాథమిక పాఠశాలలకు పంపి పిల్లలకు చదువు చెప్పించిరి. పిల్లల చదువు సంగతి యటుంచుడు. పెద్దల మార్పును జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు పండితులు పరిశీలించి, వారి శారీరకశ్రమ హెచ్చినదనియు, టెలివిజను ముందు కూర్చుండు కాలము తగ్గినదనియు, కష్టము వచ్చినప్పుడు తలుపు తట్టదగిన మనుష్యుల సంఖ్య వారికి పెరిగినదనియు 2004 లో ప్రకటించిరి. ఔషధమువలన గూడ సులభముగా కలుగని మేలు పనివలన కలిగినదన్నమాట.

“ఇవి పరదేశపు మాటలు, మన దేశమునకు సరిపడవు” అని కొంద రనవచ్చును. అట్లయిన మన దేశపు మాటలే చెప్పెదము. కేరళమున ఆలప్పుళ జిల్లాలో కార్త్యాయని అమ్మ యను వృద్ధురాలు తన 96 వ యేట, 2018 లో, ఆ రాష్ట్రపు అక్షరాస్యతా పరీక్షకు కూర్చుండి నూటికి 98 మార్కులు తెచ్చుకొని ప్రథమురాలైనది. ఆమెకు ఇంట అక్షరములు దిద్దించినవారు ఆమె మునిమనుమరాండ్రు. ఆమె 2023 లో కీర్తిశేషురాలైనది. కాని ఆ యింట గురుపీఠముపై బిడ్డయు, పలకపట్టి అవ్వయు కూర్చున్న దృశ్యమును దేశము మరువలేదు. మహారాష్ట్రమున ఠాణే జిల్లా ఫాంగణే గ్రామమున 2016 మార్చి 8 వ తేదీని అవ్వల బడి యొకటి తెరచిరి. గులాబీ రంగు చీరలు కట్టి, సంచి భుజాన వేసికొని అవ్వలు బడికి పోయిరి. పాఠము చెప్పినది ఆ యూరి కోడలే. అత్త నేర్పుట, కోడలు నేర్చుట మాత్రమే యెరిగిన మన సమాజమున ఇది చిన్న విప్లవము గాదా?

మన తెలుగువారి చరిత్రము చూతమా? 1923 లో కాకినాడయందు కాంగ్రెసు మహాసభ జరిగినది. దానికి ముందే దుర్గాబాయి యను బాలిక, అప్పటికి పదునాలుగేండ్లు మాత్రమే నిండినది, హిందీ పాఠశాల తెరచి తనకంటె ఎంతో పెద్దలైన స్త్రీలకు పాఠము చెప్పినది. తల్లి వయసువారు కూతురు వయసు పిల్లముందు కూర్చుండి చదువుకొనుటకు సిగ్గుపడలేదు. దేశకార్యము ముందుండగా వయసు అడ్డు రాలేదు. ఆ బాలికయే తరువాత రాజ్యాంగ పరిషత్తునందు కూర్చున్నది, అటుపిమ్మట దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరొందినది.

ఇటీవలి కాలమున నెల్లూరుజిల్లా సంగతి మరువరానిది. 1991 లో అచ్చట సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, ఊరి చదువుకొన్న యువతీయువకులు జీతము పుచ్చుకొనక రాత్రిబడులలో లాంతరు వెలుతురున అక్కలకు, అమ్మలకు, అవ్వలకు అక్షరములు నేర్పిరి. వాచకమునందలి సీతమ్మ కథ చదివిన స్త్రీలు తమ కథ తామే చదువుకొన్నట్లయి, దూబగుంటలో సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లా యంతట ప్రాకినది. రాష్ట్ర మంతట ప్రాకినది. ప్రభుత్వము 1993 అక్టోబరు 1 వ తేదీనుండి రాష్ట్రమంతట సారాను నిషేధింపవలసి వచ్చినది. పాఠకులు ఒక సంగతి గమనింతురుగాక. వృద్ధుల దినమని మనము శాలువలు కప్పు తేదీయు ఇదియే. ఒక అక్టోబరు 1 శాలువతో ముగియును. మరియొక అక్టోబరు 1 పడుచువాని చదువును పెద్దల అనుభవమును ఒక్కచోట చేరుటవలన పుట్టినది. రెంటిలో మనకు కావలసిన దేది?

పెద్దలు నేర్చుకొనుటయే కాదు, నేర్పుటకును వారియొద్ద కొల్లలుగా నున్నది. మెదకు సీమలో జహీరాబాదు ప్రాంతమునందు కొఱ్ఱలు, సామలు, పచ్చజొన్నలు మొదలగు పాతపంటల విత్తనములను బుట్టలలో బూడిద కలిపి దాచియుంచినవారు చదువురాని వృద్ధ రైతుస్త్రీలు. ఆ ప్రాంతపు మాచునూరునుండి 2008 లో సంగం రేడియో ప్రసారమునకు వచ్చినప్పుడు, దానిని నడపుటకు ముందునకు వచ్చినవారు దళిత యువతులు. మైకు పడుచుచేతిలోను, విత్తనపు ముచ్చట అవ్వ నోటిలోను ఉన్నందున ఆ విద్య నేటికిని గాలిలో కలియక గాలిమీద వినబడుచున్నది. చిరుధాన్యములు ఆరోగ్యకరములని నేడు పట్టణములలో వెలపోసి కొనువారు ఆ విత్తును కాపాడినదెవరో తెలిసికొందురుగాక.

ఇక ఉమ్మడికుటుంబము మాట. “మన ఉమ్మడికుటుంబము నిలిచియుండిన ఈ గోల యేల? దానిని పునరుద్ధరింపుడు” అని పెద్దలు కొందరు చెప్పుచున్నారు. మేము వినయముతో విభేదించుచున్నాము. ఆ కుటుంబమునందు తాతయొడి యున్నది, నిజమే. తాతయాజ్ఞయు ఉన్నది. కోడలి కన్నీరును ఉన్నది. పెద్ద చెప్పుట, చిన్న తలయూచుట యను ఒక్క పద్ధతియే యున్నది. పోయినదంతయు బంగారము కాదు. రావలసినదంతయు పీడయు గాదు. మేము కోరునది పాత యింటికి మరల పోవుట గాదు; ఆ యింటిలో మంచిదైన సహవాసమును వీధిలోనికి, ఊరిలోనికి తెచ్చుట. అందు మరియొక లాభము గలదు. ఇంటిలో తాత తన కులమువాడే. గ్రంథాలయపు బల్లచుట్టు కూర్చున్న తాత యే కులమువాడో అడుగ నక్కరలేదు, అడుగరాదు.

ఇందుకు స్థానమేది? కొత్త భవనములు అక్కరలేదు. మన పఠనమందిరములే ఇందుకు తగిన స్థానములు. 1914 లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాటి పెద్దలు గ్రంథాలయమన పుస్తకముల కొట్టు అని తలపలేదు. చదువురానివారికి చదివి వినిపించుట, రాత్రిబడి నడపుట, పుస్తకమును మనిషియొద్దకు కొనిపోవుట ఇవియన్నియు గ్రంథాలయపు పనులే యని వారు నమ్మిరి. 1935 లో పాతూరి నాగభూషణముగారు కాలువలలో పడవమీద గ్రంథాలయమును నడిపించి పల్లెలకు పుస్తకములు చేర్చిరి. పడవపై పుస్తకములు పంపిన జాతికి పది అడుగుల దూరము పెద్దదా? పన్నును మనము కట్టుచునే యున్నాము. 1960 నాటి గ్రంథాలయ చట్టముననుసరించి ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలగుచున్నది. వసూలైన సొమ్ము పురపాలక సంఘములనుండి గ్రంథాలయ సంస్థకు సకాలమున చేరుటలేదను మొర పాతది. ఆ సొమ్మును చేర్పించుట ప్రభుత్వముల విధి. అడుగుట పౌరుల విధి. కాని మేమిప్పుడు చెప్పబోవు పనికి ఆ సొమ్ముకొరకు సైతము కాచుకొనియుండ నక్కరలేదు.

ప్రతి పట్టణమున గ్రంథాలయమునందు వారమునకొక సాయంకాలము, రెండుగంటలు, ఇందుకై కేటాయింపుడు. మొదటి గంట పడుచువారు గురువులు. బ్యాంకు పని, రైలు టిక్కెట్టు, ఆసుపత్రి చీటీ ఫోనుపై నెట్లు చేసికొనవలయునో వారు నేర్పుదురు. కేంద్రప్రభుత్వపు పింఛనుదారులు ప్రతి నవంబరులో తాము జీవించియున్నట్లు ఋజువు చూపవలయును. 2014 నుండి దానిని ఎలక్ట్రానిక్ పద్ధతిని, 2021 నుండి ఫోనులో ముఖము చూపియు ఇచ్చుటకు వీలు గలిగినది. ఆ వీలు తెలియక వంగిన నడుముతో కార్యాలయపు వరుసలో నిలుచువారు ఇంకను ఉన్నారు. అంతకంటె ముఖ్యము మోసగాండ్ర సంగతి. పోలీసులమని ఫోనులో బెదిరించి, “డిజిటల్ అరెస్టు” చేసితిమని గదిలో కూర్చుండబెట్టి, వృద్ధుల జీవితకాలపు కూడబెట్టును గుంజుకొను ముఠాలున్నవి. అట్టి అరెస్టు మన చట్టములో లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియోలో చెప్పవలసి వచ్చినది. మోసము జరిగిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలయునని ఎందరు వృద్ధులకు తెలియును? ఒంటరివాడే మోసమునకు చిక్కును. అడుగుటకు ఒక పడుచువాడు ఎరుకలో నున్న వృద్ధుడు ఫోను పెట్టివేసి వానిని పిలుచును. కేరళమునందు ఈ పని రాష్ట్రమంతట చేసిరి. తిరువనంతపురము జిల్లాలో పుల్లంపార పంచాయతీ 2022 లో మార్గము చూపగా, 21 లక్షలకు పైగా జనులకు ఫోను వాడుక నేర్పి, 2025 ఆగస్టులో తమ రాష్ట్రము సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత పొందినదని ప్రకటించిరి. వారు చేసినది మనము చేయలేమా?

రెండవ గంట పెద్దలు గురువులు. లెక్కలు వచ్చినవారు లెక్కలు, ఇంగ్లీషు వ్యాకరణము వచ్చినవారు వ్యాకరణము చెప్పుదురుగాక. కచ్చేరీలో పనిచేసినవారు అర్జీ వ్రాయుట, భూమి కాగితము చదువుట నేర్పుదురుగాక. కమ్మరి, వడ్రంగి, నేతగాడు, రైతు ఇందుకు తక్కువవారు కారు. వారి విద్య పుస్తకమున దొరకదు. ఏమియు చెప్పలేనివారు ఊరి చరిత్రము చెప్పుదురుగాక. ఏ చెరువు ఎట్లు పూడినది, ఏ కరవున ఎట్లు బ్రతికితిమి, ఏ పరీక్షలో తప్పి ఏమైతిమి. యువకులు దానిని వ్రాసి ఆ గ్రంథాలయముననే భద్రపరతురుగాక. ఒక ఊరి ముసలివాడు పోయినప్పుడు పోవునది ఒక్క ప్రాణమే కాదు. ఎవరును నకలు వ్రాసికొనని పుస్తకమొకటి పోవును.

మరియొక మాట. మన పఠనమందిరములు నేటికిని పురుషుల మందిరములుగనే యున్నవి. అవ్వలు అచ్చటికి రారు. వారు వచ్చుచోటికి ఈ పనిని కొనిపోవలయును. 1975 నుండి మనకు అంగన్వాడీలున్నవి. నేడవి పల్లెపల్లెకు ఉన్నవి. మధ్యాహ్నవేళ ఇద్దరవ్వలు వచ్చి కథ చెప్పి, పాట పాడి, పిల్లలకు అన్నము తినిపించుటకు ఏ శాసనము కావలయును? కోతోయెన్‌లో భవనము కట్టి చేసినదానిని మనము చాపవేసి చేయవచ్చును. అయితే అమాయకముగా చేయరాదు. పసిబిడ్డలున్న పనిలో తలుపులు తెరచియుండవలయును. బాధ్యతగల పెద్దలు ఇద్దరు ఎల్లప్పుడు నుండవలయును. వచ్చినవారి పేరు పుస్తకమున వ్రాయవలయును. మంచిపనికి జాగ్రత్త అవమానము గాదు.

పని నిలువవలయునన్న ఇరుపక్షములవారును కొంత విడువవలయును. పెద్దలారా, “మా కాలమున” అని ఆరంభించిన వాక్యమును పిల్లలు ముగియునంతవరకు వినరు. సలహా అడిగినప్పుడు చెప్పుడు, అడుగనప్పుడు వినుడు. మీకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనిననాడే మీకు తెలిసినదానికి విలువ వచ్చును. యువకులారా, ఫోనుపై మీట నొక్కుట రాని వానిని మూఢుడని తలంపకుడు. అతడు వాడిన చేతివ్రాతను మీరు చదువలేరు. అతడు నోటితో కట్టిన చక్రవడ్డీని మీరు యంత్రము లేక కట్టలేరు. నేర్పునప్పుడు అతని చేతినుండి ఫోను లాగికొని మీరే చేసి యిచ్చుట నేర్పుట గాదు, అది విసుగు. అతని వ్రేలితోనే నొక్కింపుడు. ఆలస్యమగును. కానిండు. ఒకనాడు మీ వ్రేలు పట్టి అక్షరము దిద్దించినవారును ఆలస్యమునకు ఓర్చినవారే.

ఈ పని ఎవరు ఆరంభింతురని అడుగువారు కలరు. కలెక్టరుగారు ఆజ్ఞ యియ్యవలయునా? మంత్రిగారు జ్యోతి వెలిగింపవలయునా? అక్కరలేదు. ఈ పత్రిక పఠనమందిరపు బల్లమీద నుండగా చదువుచున్న పెద్దలు ఒక్కమారు తలయెత్తి లోపలి గదివైపు చూతురుగాక. అచ్చట కూర్చున్న పిల్లవాడు పుస్తకము మూసి వరండాలోనికి వచ్చినప్పుడు, “ఏ యూరు నాయనా మనది? ఏ పరీక్షకు చదువుచున్నావు?” అని అడుగుదురుగాక. పిల్లవాడును మరునాడు పోవునప్పుడు “నమస్కారమండి, పత్రికలో విశేషమేమి?” అని పలుకరించుగాక. పది అడుగులలో అయిదు ఒకరు నడచిన, తక్కిన అయిదు రెండవవారు నడువగలరు. చద్దిమూట ఇంకను పాచిపోలేదు. దానిని విప్పవలసినవారు వృద్ధులు ఒక్కరే కారు, యువకులు ఒక్కరే కారు. ఇరువురును ఒక్కచోట కూర్చుండవలయును. అందుకు ఈ వారమే మంచి ముహూర్తమని మేము మనవి చేయుచున్నాము.